ఫర్నెస్ కట్టినవి ఎందుకు కూల్చేశారు?

ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియంలో ఒక చెక్క డెస్క్ ఉంది. 1870ల మొదట్లో ఫిలడెల్ఫియా వాస్తుశిల్పి ఫ్రాంక్ ఫర్నెస్ తన అన్న హోరేస్ కోసం గీసిన డిజైన్ అది. హోరేస్ షేక్‌స్పియర్ నాటకాల మీద జీవితమంతా పనిచేసిన పండితుడు, ఆయన రాసుకునే బల్ల ఎలా ఉండాలో తమ్ముడు ఆలోచించాడు. చూస్తే బల్లలా ఉండదు, చిన్న భవనంలా ఉంటుంది. ఆ రోజుల్లో ఫర్నెస్ గీసిన ఫర్నిచర్‌ను చెక్కలోకి తెచ్చినవాడిగా ఎక్కువగా వినిపించే పేరు డేనియల్ పాబ్‌స్ట్, జర్మనీ నుంచి వలస వచ్చిన వడ్రంగి.

డెస్క్ మిగిలింది, ఎందుకంటే దాన్ని ఎత్తుకెళ్లి దాచుకోవచ్చు. భవనాలకు ఆ వీలు లేదు.

ఫర్నెస్ (1839–1912) 600కు పైగా కట్టడాలు డిజైన్ చేశాడు. అమెరికా అంతర్యుద్ధంలో గుర్రపు దళం కెప్టెన్‌గా, 1864లో వర్జీనియాలోని ట్రెవిలియన్ స్టేషన్ దగ్గర, తూటాలు అయిపోవస్తున్న తనవాళ్ల కోసం కాల్పుల మధ్య బహిరంగ నేల మీదుగా మందుగుండు పెట్టె మోసుకెళ్లాడు, దానికి తర్వాత అమెరికా సైన్యంలో అత్యున్నత పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. ఆయన భవనాలు చూస్తుంటే ఆ మనిషే గుర్తొస్తాడు నాకు. పొట్టి, లావు స్తంభాలు పైనున్న బరువుకి నలిగిపోతున్నట్టు ఉంటాయి. 1876లో తెరిచిన పెన్సిల్వేనియా ఆర్ట్ అకాడమీలో ఇటుక, రాయి వాడి, పక్క గోడ బరువు మోసే ఇనుప ట్రస్‌ను (కడ్డీలు కలిపి కట్టిన చట్రాన్ని) దాచకుండా బయటికే వదిలేశాడు. ఇనుము అంటే ఫ్యాక్టరీల్లో ఉండాల్సింది అనుకునే కాలంలో అది పెద్ద తెగువ. 1873లో ఆయన ఆఫీసులో కొన్ని నెలలు పనిచేసిన కుర్రాడు లూయీ సలివాన్ తర్వాత షికాగోలో ఆకాశహర్మ్యాలకు దారి వేశాడు.

మరి ఎందుకు కూల్చారు? 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన తర్వాత తెల్లటి, గ్రీకు రోమన్ తరహా భవనాల మీద మోజు పెరిగింది, ఆ తర్వాత వచ్చిన ఆధునిక వాస్తుశిల్పులకు అలంకారమంటేనే పడలేదు, ఈ రెండు వైపుల వాళ్లకూ ఫర్నెస్ వికారంగానే కనిపించాడు. ఆయన విస్తరించిన బ్రాడ్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ 1953లో పోయింది. చెస్ట్‌నట్ స్ట్రీట్‌లోని ప్రావిడెంట్ బ్యాంకును 1959–60లో పడగొట్టారు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే, ఇప్పుడు ఫొటోల్లో చూసుకోవాల్సిందే. 1963లో బీ అండ్ ఓ (బాల్టిమోర్ అండ్ ఒహాయో) రైల్వే కోసం ఆయన కట్టిన స్టేషన్ కూడా పోయింది.

తర్వాత గాలి మారింది. 1973లో ఫిలడెల్ఫియా మ్యూజియం ఆయన పని మీద ప్రత్యేక ప్రదర్శన పెట్టింది, 1976 నాటికి అకాడమీని బాగుచేశారు. న్యూజెర్సీ తీరంలోని కేప్ మే అనే ఊళ్లో, ఆయన పనే అని చెప్పే ఫిజిక్ ఇంటిని కూల్చబోతుంటే ఊరివాళ్లే పూనుకుని కాపాడుకున్నారు.

పెన్సిల్వేనియా యూనివర్సిటీ లైబ్రరీ (1888–91) నిలబడింది. పుస్తకాలు పెరిగితే ఎలా అని ముందే ఆలోచించి, పుస్తకాల అరల విభాగాన్ని వెనక్కి పొడిగించుకునేలా డిజైన్ చేశాడు, చదువుకునే హాలును దాన్నుంచి వేరుగా ఉంచాడు. 1986 నుంచి 1991 దాకా వాస్తుశిల్పులు రాబర్ట్ వెంచురీ, డెనిస్ స్కాట్ బ్రౌన్ల సంస్థ దాన్ని బాగుచేసి పాత రూపానికి తెచ్చింది. ఎర్ర ఇటుకల ఆ ఎత్తైన హాల్లో ఇవాళ కూడా విద్యార్థులు కూర్చుని చదువుకుంటున్నారు.