‘పోయేదేముంది, నూనేగా!’: నూనె మర్దనపై అపోహలు - వాస్తవాలు

“ఓసారి మర్దన చేసి చూడండి డాక్టర్‌గారూ, పోయేదేముంది, నూనేగా!” నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అనే మాట ఇది. నూనె చికిత్సల మీద ఎన్ని అపోహలున్నా, జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదేనని నా అభిప్రాయం. మేలు చేస్తే చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది అనుకుంటారు. అది నిజం కాదు.

రోజూ అభ్యంగనం, అంటే ఒంటికి నూనె మర్దన, చేసుకోమన్న ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడే, తన గ్రంథం అష్టాంగహృదయంలో ఆ వెంటనే ఎవరికి వద్దో కూడా చెప్పాడు. కఫం ప్రబలినవాళ్ళకు, వాంతులు, విరేచనాలతో ఒళ్ళు శుభ్రపరిచే శోధన చికిత్స అప్పుడే అయినవాళ్ళకు, అజీర్ణంతో ఉన్నవాళ్ళకు వద్దన్నాడు. జనంలోకి మొదటి మాటే వెళ్ళింది, రెండోది వెళ్ళలేదు.

దీని దెబ్బ ముందు తగిలేది కీళ్ళ నొప్పులవాళ్ళకు. అందరూ “వాతం నొప్పులు” అనే అంటారు కానీ సంధివాతం వేరు, ఆమవాతం వేరు. వయసు మీద పడ్డాక మోకాలు అరిగి, నడిస్తే నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గేది సంధివాతం. దానికి గోరువెచ్చటి తైలం, ఆ తర్వాత కాపడం హాయిగా పనిచేస్తాయి. ఆమవాతం అలా కాదు. వేళ్ళ కణుపులు, మణికట్లు వాచి వేడిగా ఉంటాయి, పొద్దున లేవగానే గంటకు పైగా బిగుసుకుపోతాయి. ఆకలి చచ్చిపోతుంది, ఒళ్ళు బరువెక్కుతుంది. ఈ లక్షణాలు చాలావరకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను పోలి ఉంటాయి. ఇందులో ఆమం, అంటే సరిగా అరగక ఒంట్లో పేరుకున్న మలినం, ఉండగా నూనె పెట్టకూడదు. శాస్త్రం చెప్పింది పొడి కాపడం, అంటే ఇసుక మూటతో రూక్షస్వేదం. నూనె రాసి పిసికితే వాపు ఇంకా పెరుగుతుంది.

ఒకావిడ వేళ్ళు వాచి, తడి గుడ్డ కూడా పిండలేని స్థితిలో వచ్చింది. భర్త నెలల తరబడి రోజూ రాత్రి నూనె కాచి చేతులు రుద్దేవాడు. వాపు పెరిగేకొద్దీ ఇంకాస్త గట్టిగా రుద్దాడు. “నూనె మార్చమంటారా?” అని అడిగాడు పాపం. నూనె మానెయ్యాలని చెప్పేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన ప్రేమతో చేసిన పని అది, తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. “వాతానికి నూనే మందు” అని సలహా ఇచ్చి తప్పుకున్నవాళ్ళ మీదే నా కోపమంతా. నూనె ఆపి, రక్తపరీక్షలు చేయించి, కీళ్ళవాతం నిపుణుల దగ్గరికి పంపాను. ఈ జబ్బులో మొదటి నెలలే కీలకం. సరైన వైద్యం ఆలస్యమైతే వంకరపోయిన వేళ్ళు మళ్ళీ తిన్నగా కావు.

ఇంకా ప్రమాదకరమైనది ఒక కాలి పిక్క వాపు. ఆపరేషన్ తర్వాతో, కాన్పు తర్వాతో, కట్టుతో మంచానికి పరిమితమయ్యాకో ఒకే కాలు వాచి, వేడిగా ఉండి నొప్పి పుడితే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటి కాలితో ఎవరొచ్చినా సిరల్లో రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చూడకుండా నేను చెయ్యి వేయను. “అంత దూరం నుంచి వచ్చాం” అని బతిమాలినా సరే.

పక్షవాతం సంగతీ అంతే. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోగానే నూనె సీసా వెతకొద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. మర్దన, కాపడం అన్నీ ఆ తర్వాత కోలుకునే దశలో, ఫిజియోథెరపీతో పాటు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎంత గట్టిగా పిసికితే అంత ఫలితం అనుకోకండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళకు ఒళ్ళంతా కమిలిపోతుంది. నడుము మీద గోరువెచ్చటి నూనె నిలబెట్టే కటివస్తి, జారిన డిస్క్‌ను లోపలికి నెట్టదు, నడుము కండరాల బిగువు సడలిస్తుంది. మూత్రం పట్టు తప్పినా, పాదం ఎత్తలేకపోయినా అత్యవసరంగా ఆసుపత్రికే. నుదుటి మీద నూనె ధారగా పోసే శిరోధారతో టెన్షన్ తగ్గి నిద్ర పట్టొచ్చు, అంతమాత్రాన బీపీ మాత్రలో, మానసిక వైద్యుడు ఇచ్చిన మందులో సొంతంగా మానెయ్యకండి. మర్దనతో కొవ్వు కరిగి కారిపోతుందనేది వట్టి ప్రచారం. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు కాపడం మూట వేడిని తమ పాదంతో అంచనా వేయకూడదు. కాలినా తెలియదు. పక్కవాళ్ళు మోచేతికి తాకించి చూడాలి.

పసిపిల్లల దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. ఒంటికి మెత్తగా నూనె రాయడం వరకు సరే. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని ఊరుకోకండి, డాక్టర్ వద్దన్నారని నా మీదకే నెట్టేయండి.

ఇదంతా చదివి భయపడి నూనె మానేసేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకో మాట. జ్వరం, అజీర్ణం, వాపు, కొత్త దెబ్బ, చర్మం మీద పుండ్లు ఏమీ లేకపోతే నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఇంట్లోనే రాసుకోండి. తిన్న వెంటనే వద్దు. తల, చెవుల చుట్టూ, అరికాళ్ళు మరిచిపోకండి. అరగంట ఆగి వేడినీళ్ళ స్నానం చేయండి. వయసైనవాళ్ళు స్నానానికి వెళ్ళేముందు అరికాళ్ళ జిడ్డు గుడ్డతో బాగా తుడుచుకోవాలి. నూనె కాళ్ళతో బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగినవాళ్ళను చూశాను.