ఎంచిలాడాకు హోదా ఎలా వచ్చింది? డాలస్ ‘సౌత్‌వెస్టర్న్’ రెస్టారెంట్ల వెనుక కథ

డాలస్ నగరంలో మొక్కజొన్న రొట్టె, మిరపకాయ, పింటో బీన్స్ ప్రధానంగా ఉండే భోజనం రెండు రకాల చోట్ల దొరుకుతుంది. ఒక చోట మనం కూర్చోగానే, అడగకుండానే, వేడి చిప్స్ బుట్ట, సల్సా అనే టమాటా మిరప పచ్చడి గిన్నె బల్ల మీదికి వస్తాయి. సాధారణంగా వాటికి బిల్లు వేయరు. పిల్లలు అల్లరి చేసినా ఎవరూ ఏమీ అనరు. రెండో చోట బల్ల ముందే రిజర్వు చేసుకోవాలి, మడత నలగని చొక్కా వేసుకుని వెళ్లాలి. అక్కడ ఒక్కరి భోజనానికి అయ్యే ఖర్చుతో మొదటి చోట ఇంటిల్లిపాదీ తినవచ్చు. మొదటిది టెక్స్‌మెక్స్, అంటే టెక్సస్ నేల మీద పెరిగిన మెక్సికన్ వంట. రెండోది సౌత్‌వెస్టర్న్, అంటే నైరుతి అమెరికా వంట.

1980 దశకంలో ఈ రెండో రకం అమెరికా అంతటా మారుమోగింది. ఇప్పుడు ఆ బోర్డు పెట్టుకుని కొత్తగా తెరిచే పెద్ద రెస్టారెంట్లు అరుదు. ఎందుకు పుట్టింది, ఎందుకు పలచబడింది అని వెతికితే, జవాబు పొయ్యి దగ్గర కంటే డబ్బు, హోదాల దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది. మెక్సికన్ ఇళ్లలో ఆడవాళ్లు వండిన తిండికి ఎక్కువ ధర ఇవ్వడానికి సంపన్న డాలస్ సిద్ధంగా లేని రోజుల్లో, అదే తిండిని ఫ్రెంచి పద్ధతిలో వడ్డించి ఫ్రెంచి ధర రాబట్టిన ప్రయోగం ఇది.

టెక్సస్ 1845లో అమెరికాలో కలిసింది. మూడేళ్ల తర్వాత, 1848లో, గ్వాడలూపే ఇడాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా నుంచి న్యూ మెక్సికో దాకా ఉన్న విశాలమైన నేల మెక్సికో చేజారింది. ఆ నేల మీద వంట అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే ఉంది. అక్కడి మూలవాసులైన ప్యూబ్లో తెగల వారికి మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుడు జాతి గింజలు ప్రాణాధారం. గోధుమ, పంది, ఆవు, చీజ్ స్పానిష్ వాళ్లతో వచ్చాయి.

ఈ వంటకు మూలమైన పని ఒకటుంది. ఎండిన మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా ఆ నీళ్లలోనే నాననిచ్చి, మర్నాడు పొట్టు పోయేదాకా కడిగి, రాతి మీద ముద్దగా రుబ్బుతారు. ఆ ముద్దే మాసా. రొట్టె విరగకుండా మడత పడేది, ఆ వాసన వచ్చేది సున్నం వల్లే. గింజలో బంధించి ఉండే నియాసిన్ అనే విటమిన్ కూడా ఒంటికి పట్టేలా విడుదలయ్యేది దానితోనే. ఈ సంగతి పట్టించుకోకుండా మొక్కజొన్నను మాత్రం పట్టుకెళ్లిన ఐరోపాలోనూ, తర్వాత అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోనూ పేదలు ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు బారిన పడ్డారు. (దక్కన్‌లో జొన్న ప్రధానంగా తినే వారికి అదే జబ్బు ఎందుకు వస్తోందో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, సహచరులు 1960లలో పరిశోధించారు. ఆ కథ వేరే.)

ఈ తిండి బజారుకెక్కిన తొలి ప్రసిద్ధ స్థలం శాన్ ఆంటోనియో. 19వ శతాబ్దం చివర అక్కడి మిలిటరీ ప్లాజాలో సాయంత్రం కాగానే మెక్సికన్ స్త్రీలు బల్లలు వేసి, లాంతర్లు వెలిగించి, చిల్లీ అనే మాంసం మిరపకాయల పులుసు, టమాలీలు (పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మాసా ముద్దలు), బీన్స్ అమ్మేవారు. చిల్లీ క్వీన్స్ అని వాళ్లకు పేరు. రైళ్లు వచ్చాక ఈ బల్లలు పర్యాటకులకు చూడదగ్గ వింతలయ్యాయి. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ దుకాణం కూడా పెట్టారు. అంత పేరు తెచ్చిపెట్టిన ఆ స్త్రీలను నగర అధికారులు అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి ఇంకో చోటికి తరుముతూ, 1930లలో పారిశుధ్య నిబంధనల పేరుతో దాదాపు మూయించేశారు. 1977లో టెక్సస్ శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. వంటకానికి దక్కిన గౌరవంలో వండినవాళ్లకు వాటా లేదు. ఈ కథలో అది పదే పదే కనిపిస్తుంది.

డాలస్‌లో కథ లిటిల్ మెక్సికో అనే పేటలో మొదలైంది. 1910లో మొదలైన మెక్సికో విప్లవపు రోజుల్లో పారిపోయి వచ్చిన కుటుంబాలు నగర కేంద్రానికి ఉత్తరాన రైలు పట్టాల పక్కన స్థిరపడ్డాయి. 1918లో మిగెల్ మార్టినెజ్ అక్కడ చిన్న కేఫ్ తెరిచారు. అదే తర్వాత ఎల్ ఫీనిక్స్ అయింది. అదెలైడా క్వెయార్ అనే గృహిణి 1926లో కౌఫ్‌మన్ కౌంటీ సంతలో టమాలీలు అమ్మి నాలుగు డబ్బులు చేసుకుంటే, ఆమె కొడుకులు 1940లో డాలస్‌లో ఎల్ చీకో తెరిచారు. మొక్కజొన్న రొట్టెను చుట్టి పైన పసుపుపచ్చని చీజ్ కరిగించి పోసిన ఎంచిలాడా, పక్కన అన్నం, ఎనిపిన బీన్స్. ఒకే పళ్లెంలో అన్నీ, ధర అందరికీ అందుబాటులో. తెల్లవాళ్లకు ఆ రుచి అలవాటైంది. ధర కూడా అలాగే అలవాటైంది, అసలు చిక్కు అక్కడే. మెక్సికన్ భోజనమంటే చవకగా ఉండాలి అన్నది నగరవాసుల మనసులో చట్టంలా స్థిరపడిపోయింది.

1971లో మరియానో మార్టినెజ్ అనే యువకుడు డాలస్‌లో తన రెస్టారెంటులో మార్గరీటా అనే మద్యపానీయం కోసం సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి వాడాడు. కస్టమర్ల తాకిడికి పానీయం ఒక్కో గ్లాసు కలిపే ఓపిక బార్ సిబ్బందికి లేకపోయింది. ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. టెక్స్‌మెక్స్‌కు ఇది పండుగ రోజు, కానీ తాగి గోల చేసే చోటు అన్న ముద్ర కూడా అంటుకుంది. మరుసటి ఏడు డయానా కెన్నెడీ మెక్సికో ప్రాంతీయ వంటల మీద పుస్తకం వెలువరించారు. అసలైన మెక్సికో వంట వేరు, సరిహద్దుకు ఇవతల పెట్టే కాంబినేషన్ ప్లేట్లు వేరు అని అందులో కుండబద్దలు కొట్టారు. దాంతో టెక్స్‌మెక్స్ అన్న మాట చదువుకున్నవాళ్ల నోట చిన్నచూపుగా మారింది. అంతకు ముందు ఈ హోటళ్లన్నీ ధైర్యంగా ‘మెక్సికన్’ అనే చెప్పుకునేవి.

అప్పటికి డాలస్ చేతిలో చమురు డబ్బు, బ్యాంకుల డబ్బు, స్థిరాస్తి డబ్బు పుష్కలంగా ఉన్నాయి. లేనిది ప్రతిష్ఠ. పెద్ద భోజనమంటే ఫ్రెంచి భోజనమే, కెప్టెన్ వచ్చి మెనూ ఫ్రెంచిలోనే చదవాలి. చమురు కుబేరుడు హెచ్.ఎల్. హంట్ కూతురు కెరొలైన్ రోజ్ హంట్ టర్టిల్ క్రీక్ దగ్గర ఒక పాత భవనాన్ని కొని 1980లో ‘మాన్షన్’ రెస్టారెంటు తెరిచినప్పుడు మొదట సలహా తీసుకున్నది న్యూయార్క్‌లోని ‘21’ క్లబ్ నుంచి. తన ఊరి తిండిని తన గొప్ప బల్ల మీద పెట్టాలన్న ఆలోచన డాలస్‌కు ఇంకా రాలేదు.

ఆ ఆలోచన తెచ్చినవాళ్లు గట్టిగా పది మంది లేరు. స్టీఫన్ పైల్స్ పశ్చిమ టెక్సస్‌లోని బిగ్ స్ప్రింగ్ వాడు. తల్లిదండ్రులు లారీ డ్రైవర్ల కోసం కేఫ్ నడిపేవారు. కాలిఫోర్నియాలో ఫ్రెంచి ఛెఫ్‌ల దగ్గర చూసి నేర్చుకుని 1983లో డాలస్‌లో రౌత్ స్ట్రీట్ కేఫ్ తెరిచాడు. కెంటకీ నుంచి వచ్చిన డీన్ ఫియరింగ్ 1985లో మాన్షన్ వంటశాల పగ్గాలు పట్టాడు. హ్యూస్టన్‌లో కేఫ్ ఆనీ నడిపిన రాబర్ట్ డెల్ గ్రాండే బయోకెమిస్ట్రీలో డాక్టరేటు చేసినవాడు. మానవశాస్త్రం చదివి, బర్క్‌లీలో షే పనీస్ అనే పేరున్న రెస్టారెంటు వంటింట్లో పనిచేసిన మార్క్ మిల్లర్ 1987లో శాంటా ఫేలో కొయోటీ కేఫ్ తెరిచాడు. నైరుతి వంటల మీద పుస్తకం రాసిన ఆన్ లిండ్సే గ్రీర్ టెక్సస్ ఛెఫ్‌లను ఒక దగ్గరికి చేర్చడంలో ముందున్నారు. వీళ్లలో అందరికీ వంట మీద ప్రేమ ఉంది, మిరపకాయ మీద నిజమైన ఆసక్తి ఉంది. అందులో అనుమానం లేదు.

వాళ్లు చేసినదేమిటో ఒక్క వంటకంలో చూడవచ్చు. ఫియరింగ్‌కు పేరు తెచ్చింది లాబ్‌స్టర్ టాకో. టాకో అంటే లోపల కూర పెట్టి మడిచిన రొట్టె. వేడి గోధుమ టోర్టియా (పల్చటి రొట్టె)లో లాబ్‌స్టర్ ముక్కలు, పైన పసుపు టమాటా సల్సా, పక్కన హికమా దుంప సలాడ్. టాకో రూపం వీధి బల్లది, లాబ్‌స్టర్ అట్లాంటిక్ తీరానిది, ధర మాన్షన్‌ది. అదే చేత్తో ఆయన పెట్టిన టోర్టియా సూప్ మెక్సికన్ ఇళ్లలో మిగిలిన రొట్టెలు పారేయకుండా చేసుకునే పొదుపు వంట. ఈ తరహా రెస్టారెంట్లలో నీలి మొక్కజొన్న, అడవి జింక మాంసం, కౌజు పిట్ట, కాక్టస్ ఆకు మెనూలకెక్కాయి. ఒక్కో మిరపకాయకు పేరు చెప్పి వాడారు: ఎండు పొబ్లానో అయిన ఆంచో, పొగబెట్టిన హలపీన్యో అయిన చిపోట్లే, నాలుక కాల్చే హబనేరో. గుంటూరు వాళ్లు ఇందులో వింతేముంది అనవచ్చు. కానీ కారమంటే పొడి డబ్బా అని తెలిసిన అమెరికన్ మధ్యతరగతికి మిరపలో ఇన్ని రుచులున్నాయని నేర్పిన ఘనతలో పెద్ద వాటా వీళ్లదే. పళ్లెం అంచున ప్లాస్టిక్ సీసాతో రంగు సాస్ గీతలు గీయడం కూడా వీళ్ల చలవే అనాలి. దాన్ని మాత్రం క్షమించడం కష్టం.

1991లో నైరుతి ప్రాంత ఉత్తమ ఛెఫ్‌గా పైల్స్‌కు అమెరికా ఛెఫ్‌లకు ఇచ్చే పెద్ద పురస్కారం జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది, 1992లో డెల్ గ్రాండేకు, 1994లో ఫియరింగ్‌కు. అదే 1991లో బాబీ ఫ్లే న్యూయార్క్‌లో మెసా గ్రిల్ తెరిచాడు. పత్రికల్లో ఈ ఛెఫ్‌ల ఫొటోలు వచ్చాయి. ఆ వంటశాలల్లో గిన్నెలు తోమినవాళ్లు, కూరలు తరిగినవాళ్లు, రొట్టెలు కాల్చినవాళ్లలో మెక్సికో నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల ఫొటోలు రాలేదు. ఈలోగా లిటిల్ మెక్సికో పేటను 1960లలో వేసిన టోల్‌వే (రుసుము కట్టి వెళ్లే రహదారి) చీల్చేసింది, తర్వాత భూమి ధరలు మిగిలినదాన్ని ఊడ్చేశాయి. 2007లో ఫియరింగ్ సొంత పేరుతో రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో రెస్టారెంటు తెరిచాడు. అది మెకిన్నీ అవెన్యూ మీద, ఆ పాత పేట పరిసరాల్లోనే ఉంది.

తిరోగమనానికి మొదటి దెబ్బ 1986లో చమురు ధర కుప్పకూలడం. దాని వెనుకే టెక్సస్‌లోని పెద్ద బ్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి మునిగాయి. కంపెనీ ఖాతాలో బిల్లు కట్టే అతిథులు తగ్గారు. రౌత్ స్ట్రీట్ కేఫ్ 1993లో మూతపడింది. మరుసటి ఏడు పైల్స్ తెరిచిన స్టార్ కాన్యన్ దానికంటే సందడిగా, సరదాగా ఉండేది. న్యూయార్క్ మెసా గ్రిల్ 2013 దాకా నడిచింది, అద్దె పెరగడంతో ఆగిపోయింది.

రెండో దెబ్బ విజయమే కొట్టింది. 1990ల ఆరంభానికే అమెరికాలో సల్సా అమ్మకాల విలువ కెచప్‌ను దాటింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఖరీదైన ‘స్టార్స్’ రెస్టారెంటులో పనిచేసిన స్టీవ్ ఎల్స్ 1993లో డెన్వర్‌లో ‘చిపోట్లే’ అనే చిన్న దుకాణం తెరిచాడు, పెద్ద రెస్టారెంటు పెట్టడానికి డబ్బు కూడబెడదామని. ఆ దుకాణమే పెద్ద గొలుసుగా పెరగడంతో ఆ పెద్ద రెస్టారెంటు అవసరమే పడలేదు. డాలస్‌లో 1975లో పుట్టిన చిల్లీస్ రెస్టారెంట్ల గొలుసు మెనూలో సౌత్‌వెస్టర్న్ ఎగ్ రోల్స్ చేరాయి, బర్గర్ దుకాణాల్లో సౌత్‌వెస్ట్ సలాడ్ వచ్చింది. విమానాశ్రయంలో ప్లాస్టిక్ డబ్బాలో దొరికే రుచికి తెల్లబట్ట పరిచిన బల్ల మీద ఎవరు వంద డాలర్లు పెడతారు?

డాలస్ పరిసర పట్టణాలైన ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు బయట భోజనమంటే ఎక్కువగా టెక్స్‌మెక్సే. కారం ఉంటుంది, రొట్టె ఉంటుంది, బీన్స్ ఉంటాయి. శాకాహారులు మాత్రం ఈ వంట పుట్టుక గుర్తుంచుకుని అడగాలి. ఎనిపిన బీన్స్‌లో పాత పద్ధతి ప్రకారం పంది కొవ్వు పడుతుంది, ఎర్రన్నం చాలాచోట్ల కోడి రసంలో ఉడుకుతుంది. చీజ్ ఎంచిలాడా పేరు చూసి మోసపోవద్దు, పైన పోసే గ్రేవీలో గొడ్డుమాంసం ఉండటం మామూలే. ఆగస్టులో టెక్సస్ సూపర్ మార్కెట్ల ముందు ఇనప జాలీ పీపాల్లో న్యూ మెక్సికో నుంచి వచ్చిన హాచ్ పచ్చిమిరపకాయలు గ్యాస్ మంట మీద గిరగిరా తిరుగుతూ కాలుతుంటాయి. నల్లబడిన తొక్క రాలి కింద పడుతుంది, ఆ ఘాటు పార్కింగ్ స్థలమంతా పరుచుకుంటుంది. న్యూ మెక్సికోలో మిరప మీద మమకారం ఎంతటిదంటే, ఎర్రదా పచ్చదా అన్న వడ్డనవాళ్ల ప్రశ్నను 1996లో ఆ రాష్ట్రం అధికారిక ప్రశ్నగా స్వీకరించింది.

‘మెక్సికన్’ అంటే చవక అన్న పాత చట్టం ఇటీవలి ఏళ్లలో సడలింది. మంచి రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ 2024 నవంబరులో తొలిసారి టెక్సస్‌లో నక్షత్రాలు పంచింది. ఆ ఏడు డాలస్‌కు దక్కిన ఒకే ఒక్క నక్షత్రం జపనీస్ సుషీ వడ్డించే టాట్సుకు వెళ్లింది. హ్యూస్టన్‌లో సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్ననే ప్రధానంగా పెట్టుకున్న టటెమోకు, శాన్ ఆంటోనియోలో మిక్స్‌ట్లీకి చెరొకటి వచ్చింది. ఈ రెండూ మెక్సికన్ అని చెప్పుకునే రెస్టారెంట్లు. తమ వంటకు పెద్ద ధర అడగడానికి వాటికి ఇంకో పేరు అవసరం పడలేదు.