మానసిక ఆరోగ్యంపై అవగాహనను కొలవడం: అపోహలు - వాస్తవాలు

నేను క్లినికల్ సైకాలజిస్టును. హైదరాబాద్ బస్తీల్లో, ఆఫీసుల్లో పెద్దవాళ్లకు మానసిక ఆరోగ్యం గురించి ఎంత తెలుసో ప్రశ్నావళితో తెలుసుకోవడం నా పనిలో భాగం. అక్కడ తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: ఇది మనకు డిప్రెషన్ ఉందో లేదో చూసే పరీక్ష.

వాస్తవం: కాదు. గత రెండు వారాల్లో మీ దిగులు, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో అడిగే డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 వేరు. ఇక్కడ అడిగేది ఆ లక్షణాలను మీరు గుర్తుపడతారా, ఎవరి దగ్గరికి వెళ్తారు అని.

అపోహ: జబ్బు పేరు తెలియకపోతే అవగాహన లేనట్టే.

వాస్తవం: బోరబండలో ఒకావిడను "కుంగుబాటు అంటే తెలుసా అమ్మా?" అని అడిగితే తల అడ్డంగా ఊపారు. డిప్రెషన్‌కు పత్రికల్లో రాసే ఆ మాట ఇళ్లలో వినిపించదు. కాగితం పక్కన పెట్టి, నిద్ర పట్టక, అన్నం సహించక, ఏ పనీ చేయబుద్ధికాని ఒక మనిషి కథ చెప్పాను. "మా ఆడపడుచు కాన్పయ్యాక అచ్చం ఇలాగే ఉండేది మేడమ్. బిడ్డ ఏడుస్తున్నా కదిలేది కాదు. అది బద్ధకం కాదు, జబ్బే" అన్నారు. 1997లో ఆస్ట్రేలియాలో ఆంథొనీ జార్మ్ అనే పరిశోధకుడి బృందం కూడా ఇలా కథ చెప్పే అడిగింది. ఇలాంటివాళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలి అంటే మాత్రం ఆవిడ "డాక్టరు దగ్గరికే, కానీ ఎర్రగడ్డకు వద్దు" అన్నారు. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న ఆ ప్రాంతం పేరును ఈ నగరం తిట్టుగా మార్చేసింది. ఆ భయాన్ని కూడా కొలవాలి.

అపోహ: చదువుకున్నవాళ్లకు అన్నీ తెలుసు.

వాస్తవం: జబ్బుల పేర్లు తెలుసు. అదే మనిషిని "మందులు వాడుతున్న వ్యక్తికి ఇల్లు అద్దెకిస్తారా?" అని అడగండి, తటపటాయించవచ్చు. ఈ అవగాహనను కొలవడానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళి ఎంహెచ్‌ఎల్‌ఎస్‌లో 35 ప్రశ్నలు, 35 నుంచి 160 వరకు మార్కులు. జ్ఞానం, వైఖరి రెండూ ఒకే మొత్తంలో కలిసిపోతాయి. అందుకే మొత్తం మార్కు ఒక్కటే చూపించే నివేదికలను నేను నమ్మను.

అపోహ: ఇంగ్లిష్ ప్రశ్నలను అనువదిస్తే చాలు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. "మానసిక జబ్బు ఉన్నవాళ్లు ప్రమాదకరం కాదు" అనే వాక్యం చదివితే ఒకరు "అవును" అంటారు, ఇంకొకరు "కాదు కాదు" అంటారు. తెలుగులో ఆ రెండూ ఒప్పుకోవడమే కావచ్చు. తొందరలో ఉన్న సర్వేయరు ఒకదాన్ని అంగీకారంగా, మరోదాన్ని వ్యతిరేకతగా గుర్తిస్తాడు. మనిషి మంచి మనసు కాగితం మీద చెడ్డదవుతుంది. అందుకే ముందు పదిమందికి చదివి వినిపించి, "మీకు ఏమని అర్థమైంది?" అని అడిగాకే మా ప్రశ్నను ఖాయం చేస్తాం.

అపోహ: కొలవడంతో పని అయిపోతుంది.

వాస్తవం: సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పలేనివాళ్లకు, ప్రశ్నలన్నీ పూర్తయ్యాక 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 రాసిస్తాను. ఆ బోరబండ ఆవిడ దాన్ని గోడ మీది క్యాలెండరుపై రాయించుకున్నారు, గ్యాస్ నంబరు పక్కనే.