కొరియన్‌లో కన్ను, ముక్కు, నోరు: అపోహలు - వాస్తవాలు

నేను ఆన్‌లైన్‌లో కొరియన్ చెప్తుంటా, కె-డ్రామాలు చూసి వచ్చేవాళ్ళే ఎక్కువ, శరీర భాగాల పాఠం రాగానే ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు.

అపోహ: ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని బట్టీ కొడితే చాలు.

వాస్తవం: అక్కడే దెబ్బ పడేది. ముఖాన్ని ఒల్గుల్ అంటారు, ఆ మొదటి శబ్దాన్ని ఇంగ్లిష్‌లో రెండక్షరాలతో రాస్తారు కాబట్టి మనవాళ్ళు ‘ఇయోల్గుల్’ అని చదివేస్తారు. మన ‘ఒ’కి దగ్గరదే, కాకపోతే పెదాలు గుండ్రంగా చుట్టకూడదు. నోరు అంటే ఇప్, పెదాలు మూసి అక్కడే ఆపేయాలి, మనకేమో బస్సు, కారు అని చివర్లో ఉ తగిలించే అలవాటు కదా, అది కాస్తా ‘ఇప్పు’ అయిపోద్ది. హంగుల్ నేర్చుకోండి బాబూ, నాలుగైదు రోజుల పని. 1446లో సెజోంగ్ రాజు ప్రకటించిన ఆ లిపిలో ‘మ్’ అక్షరం నోటి ఆకారమే, ‘న్’ ఏమో నాలుక పైకి తగిలినప్పటి వంపు.

అపోహ: పదాలు బోలెడు, గుర్తుండవు.

వాస్తవం: సోన్ చెయ్యి, బల్ పాదం, మోక్ మెడ. సోన్‌మోక్ అంటే మణికట్టు, బల్‌మోక్ అంటే చీలమండ, అంతే. నున్ కన్ను, ముల్ నీళ్ళు, కలిపితే నున్‌ముల్, అచ్చం మన కన్నీళ్ళే.

అపోహ: తెలుగు, కొరియన్ చుట్టాలు.

వాస్తవం: 1905లో హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌ని ద్రావిడ భాషలతో పోలుస్తూ పుస్తకమే రాశాడు, ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు. వాక్యంలో క్రియ చివర్లో రావడం మాత్రం మనకి కలిసొస్తుంది.

అపోహ: ఒక మాటకి ఒకే అర్థం.

వాస్తవం: నున్ అంటే మంచు కూడా, దరి అంటే కాలూ, వంతెనా. మొరి అంటే తల, జుట్టు రెండూ, అందుకే ఫ్రెండ్ ‘మొరి జల్లస్సొయో’ అని మెసేజ్ పెడితే మా స్టూడెంట్ ఒకమ్మాయి తల కోసుకుందనుకుని హడలిపోయింది, పాపం ఆవిడ జుట్టు కత్తిరించుకుందంతే.

నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళని అక్కడ ‘నోరు తేలిక’ అంటారు. ఇక బే అంటే కడుపు, ‘బేగా అఫాయో’ అంటే కడుపు నొప్పిగా ఉందని, కానీ వరసకి అన్నదమ్ముడు భూమి కొంటే కడుపు నొస్తుందని వాళ్ళకో సామెత ఉంది, మన కడుపుమంట అన్నమాట. కాబట్టి క్లాస్‌మేట్‌కి టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో మీకన్నా ఎక్కువ మార్కులొచ్చాయని తెలిసిన నిమిషంలోనే ‘బేగా అఫాయో’ అన్నారనుకోండి, టాబ్లెట్ ఎవరూ తెచ్చివ్వరు.