లారీ కింద సౌండు వస్తే క్రౌనే పోయినట్టా?

"మేస్త్రీ, క్రౌను పోయిందంట. ఎంతవుద్ది?"

షెడ్డులోకి వస్తూనే లారీ ఓనరు ప్రశ్న ఇదే. క్రౌను అంటే వెనక ఇరుసు హౌసింగ్‌లో చక్రాలని తిప్పే పెద్ద పళ్ల చక్రం. బండి ఇంకా ఆపనే లేదు, సౌండు నేను వినలేదు. దాబా దగ్గర ఎవడో చెప్పాడు, ఈయన రాత్రంతా నిద్ర లేకుండా వడ్డీ లెక్కలు వేసుకుంటూ వచ్చాడు. ఆటోనగర్‌లో పాత టాటా, లేలాండ్ బళ్ల కింద పాతికేళ్లుగా పడుకుంటున్నాను కాబట్టి చెబుతున్నా: కాస్త ఆగండి.

అపోహ: సౌండు ఎక్కడ వినిపిస్తే జబ్బు అక్కడే.

వాస్తవం: ఓనర్ల కొంప ముంచేది ఈ ఒక్క నమ్మకమే. ఛాసిస్ అంటే ఈ చివర నుంచి ఆ చివరకి రెండు ఇనప దూలాలు. ఒకచోట పుట్టిన మోత దాన్ని పట్టుకుని ఇంకెక్కడో తేలుతుంది. గేర్‌బాక్సు నుంచి వెనక్కి వెళ్లే జాయింట్ షాఫ్టుని మధ్యలో మోసే సెంటర్ బేరింగు రబ్బరు చిరిగితే క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకి గేర్‌బాక్సు మూలుగుతున్నట్టే ఉంటుంది. అందుకే నేను ముందు 'ఎక్కడ' అని అడగను, 'ఎప్పుడు' అని అడుగుతాను.

బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రైజ్ చెయ్యండి. సౌండు వచ్చిందా, ఇంజన్, క్లచ్, గేర్‌బాక్సు వైపు చూడాలి. క్లచ్ తొక్కగానే మొదలైతే రిలీజ్ బేరింగు మీద అనుమానం. తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు లోపలి బేరింగు. నిలబడి ఉన్నప్పుడు ఏమీ లేక, బండి కదిలితేనే వస్తుంటే వెనక్కి వెళ్లాలి. అక్కడ చెవి కన్నా లెక్క మేలు. 41 పళ్ల క్రౌను, దాన్ని తిప్పే 7 పళ్ల చిన్న చక్రం పినియను ఉన్న హౌసింగ్‌లో చక్రం ఒక చుట్టు తిరిగేసరికి జాయింట్ షాఫ్టు దాదాపు 6 చుట్లు తిరుగుతుంది. 10 కిలోమీటర్ల వేగంలో 10.00-20 టైరు సెకనుకి ఒక చుట్టు కూడా పూర్తి చెయ్యదు. సౌండు అంత నిదానంగా 'టక్... టక్' మంటే చక్రం, బ్రేకు డ్రమ్ము, చక్రం నడిమధ్య ఉండే హబ్బు చూడండి. సెకనుకి ఐదుసార్లు 'కిచకిచ' మంటే షాఫ్టు. షాఫ్టు కీళ్లలో ఉండే క్రాస్ కప్పుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఇక అడగక్కర్లేదు, గ్రీజు ఎండిపోయి ఎన్నాళ్లో అయింది. (కిందకి దూరే ముందు ఇంజన్ ఆపి, చక్రాలకి దిమ్మలు పెట్టండి.)

పోయిన వేసవిలో ఒకాయన టాటా 1613 లారీ తెచ్చాడు. 40 దాటితే గుంయ్‌మని బండంతా వణుకు. వేరేచోట క్రౌను, పినియను కొత్తవి వేయించాడు, వణుకు అలాగే ఉంది. "ఇది మొదలవకముందు ఏం పని చేయించావు?" అన్నాను. "క్లచ్ ప్లేటు మార్పించా మేస్త్రీ." టార్చి వేసి షాఫ్టు మీద మట్టి గీకాను. షాఫ్టు పొడవు సర్దుకునే స్లిప్ జాయింటుకి రెండు వైపులా బాణం గుర్తులుంటాయి, ఎదురెదురుగా ఉండాలి. ఒకటి పైకి, ఒకటి పక్కకి ఉన్నాయి. క్లచ్ పని కోసం షాఫ్టు విప్పినవాడు తిరిగి బిగించేటప్పుడు చూసుకోలేదు. ఊడదీసి గుర్తులు కలిపి ఎక్కించాం, గంట కూడా పట్టలేదు. "పాత క్రౌను ఏం చేశావు?" అని అడిగాను. పాతినుముకి వేసేశాడట.

నేనేం తక్కువ తినలేదు లెండి. పని నేర్చుకునే రోజుల్లో గురువుగారు లేనప్పుడు సొంత తెలివితో ఒక గేర్‌బాక్సు దించేశాను. సాయంత్రం ఆయన వచ్చి, సైలెన్సర్ గొట్టాన్ని కాలితో ఒక్క తోపు తోశారు. 'టంగ్'. అదే సౌండు. క్లాంపు వదులై గొట్టం ఛాసిస్ అడ్డ దూలానికి (క్రాస్ మెంబరు) తగులుతోంది. తిట్టలేదు. "నువ్వే ఎక్కించు" అని టీకి వెళ్లిపోయారు.

అపోహ: చిక్కటి ఆయిలు పోస్తే సౌండు పోతుంది.

వాస్తవం: పోదు, దాక్కుంటుంది. అరిగే బేరింగు అరుగుతూనే ఉంటుంది. అమ్మే ముందు గేర్‌బాక్సులో రంపపు పొట్టు పోసిన బ్రోకర్లనీ చూశాను, వాళ్ల సంగతి వేరే.

అపోహ: గ్రీజు కొడితే ఆగింది, ఇక ఫరవాలేదు.

వాస్తవం: కమాను కట్టల్ని పట్టి ఉంచే షాకిల్ పిన్నుకైతే సరే. క్రాస్‌కైతే వారంలో మళ్లీ వస్తుంది, చూడండి.

అపోహ: పాత బండి అన్నాక సౌండు మామూలే.

వాస్తవం: పాత సౌండు మామూలే. కొత్తగా వచ్చిన సౌండు ఏ బండికైనా మామూలు కాదు. ముఖ్యంగా వేగంతో పాటు పెరుగుతూ 'ఊ...' మనే హబ్బు మోతని టైరు మోత అనుకుని తిరగకండి. ఓ ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి, అరచెయ్యి కాకుండా చేతి వెనక వైపు హబ్బు దగ్గర పెట్టి, రెండు పక్కలా పోల్చి చూడండి. ఒకటి మామూలుగా ఉండి, రెండోది సెగ కొడుతుంటే బేరింగో, బ్రేకు పట్టేయడమో. ఏదైనా సరే, లోడు మీద ఉన్నా సరే, బండిని అక్కడే పక్కకి పెట్టి మేస్త్రీకి ఫోన్ చెయ్యండి. కిరాయి పార్టీ నాలుగు మాటలంటే అననివ్వండి.