వెండి, రాగి క్రిముల్ని చంపుతాయి సరే, ఎంతసేపట్లో?

ఈత కొలను నిర్వహించేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మినరల్ కార్ట్రిడ్జ్ పెట్టించాక క్లోరిన్ మానేయవచ్చా? మానకూడదు. మినరల్స్ పనిచెయ్యవని కాదు, పనిచేస్తాయి. కానీ కొలనులో క్రిమి ఎప్పుడో ఒకప్పుడు చస్తే సరిపోదు, పక్కన ఈదుతున్న మనిషి నోట్లోకి వెళ్లేలోపే చావాలి. అసలు కిటుకంతా ఆ 'లోపే' అన్న మాటలో ఉంది.

ముందు పేరు దగ్గర ఉన్న గందరగోళం తీర్చుకుందాం. 'మినరల్' పేరుతో రెండు వేర్వేరు పద్ధతులు అమ్ముడవుతున్నాయి. మొదటిదాంట్లో మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ లాంటి లవణాలు నీళ్లలో కలిపి, ఆ నీటిని విద్యుత్ ఘటం గుండా పంపుతారు. అక్కడ క్లోరైడ్ నుంచి క్లోరిన్ పుడుతుంది. క్రిముల్ని చంపేది ఆ క్లోరినే తప్ప మెగ్నీషియం కాదు. అంటే అది కూడా క్లోరిన్ కొలనే. రెండోది వెండి, రాగి అయాన్లను నీళ్లలోకి వదిలే పద్ధతి. వెండి పూసిన గుళికలున్న కార్ట్రిడ్జ్ గానీ, రాగి-వెండి కడ్డీల మధ్య కరెంటు పంపే అయొనైజర్ గానీ ఈ పని చేస్తుంది. ఇక్కడ మాట్లాడుకునేది ఈ రెండో పద్ధతి గురించే.

లోహాలు అతి తక్కువ మోతాదులోనే సూక్ష్మజీవుల్ని చంపుతాయని స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలి స్పైరోగైరా అనే నాచు మీద గమనించాడు. ఆ పరిశోధన ఆయన చనిపోయాక 1893లో అచ్చయింది. వెండి అయాన్‌కి ధనావేశం, బాక్టీరియా పైపొరకి రుణావేశం. అందుకని అయాన్ వెళ్లి అతుక్కుంటుంది, లోపలికి చేరుతుంది, ఎంజైముల్లో గంధకం ఉన్న చోట్లను గట్టిగా పట్టుకుంటుంది. శ్వాసక్రియ నడిపే ఎంజైములు అలా ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. రాగి ఇంకో దారిలో వస్తుంది. ఒక ఎలక్ట్రాన్‌ని తీసుకుంటూ, ఇస్తూ, కణానికి హాని చేసే ఆక్సిజన్ రాడికల్స్‌ని పుట్టిస్తుంది.

ఇదంతా నిజమే, కానీ నెమ్మదిగా జరుగుతుంది. ఎంత నెమ్మదో చెప్పడానికి క్రిమిసంహారక శాస్త్రంలో సీటీ విలువ అనే లెక్క ఉంది. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉందో, దాన్ని ఎన్ని నిమిషాలు ఉంచామో, ఆ రెండింటి లబ్ధమే సీటీ. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా, క్రిముల్ని చంపడానికి సిద్ధంగా ఉన్న క్లోరిన్), పీహెచ్ 7.5, 25 డిగ్రీల వేడి ఉన్న నీటిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చిన అంకెలు చూడండి. ప్రమాదకరమైన ఈ. కోలై రకానికి ఒక్క నిమిషం లోపే. హెపటైటిస్-ఎ వైరస్‌కి సుమారు 16 నిమిషాలు. పేగులకు సోకే జియార్డియా పరాన్నజీవికి 45 నిమిషాలు. క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) అనే పరాన్నజీవికి 15,300 నిమిషాలు, అంటే పది రోజుల పైమాటే.

ఈ లెక్కలో అందమేమిటంటే, గాఢత పెంచితే సమయం అదే లెక్కన తగ్గుతుంది. నీళ్ల విరేచనం కొలనులో పడితే, అందులో క్రిప్టో ఉండొచ్చు కాబట్టి, సీడీసీ చెప్పే విరుగుడు: క్లోరిన్‌ని 20 మిల్లీగ్రాములకు పెంచి 12 గంటల 45 నిమిషాలు అలాగే ఉంచడం. 12 గంటల 45 నిమిషాలంటే 765 నిమిషాలు. 765ని 20తో గుణిస్తే వచ్చేది 15,300! బళ్లో గుణకారం నేర్పేటప్పుడు ఇలాంటి లెక్క ఇస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు ఇదే గడియారం వెండికి పెడదాం. మినరల్ కొలనులో వెండి సాధారణంగా లీటరుకు 0.03 మిల్లీగ్రాముల దగ్గర, రాగి 0.2 నుంచి 0.4 మధ్య ఉంటాయి. క్లోరిన్ తోడు లేకుండా ఇవి బాక్టీరియాని చంపడానికి పదుల నిమిషాల నుంచి గంటలు పడుతుంది. చాలా వైరస్‌లకు ఇంకా ఎక్కువ. క్రిప్టో మీద ఇవి చేసేదేమీ లేదు. కొలనులో మాత్రం ఒకరి ఒంటి నుంచి రాలిన క్రిమి బారెడు దూరంలో ఉన్న ఇంకొకరి నోటికి చేరడానికి కొన్ని సెకన్లు చాలు. ఫిల్టర్ ఆపుతుందిలే అనుకోవడానికీ లేదు. కొలను మొత్తానికి సమానమైన నీటిని పంపు ఆరు గంటల్లో తిప్పిందనుకుందాం. శుభ్రమైన నీరు మురికి నీటితో కలిసిపోతూ ఉంటుంది కాబట్టి, ఆ ఆరు గంటల తర్వాత కూడా సుమారు 37 శాతం నీరు ఫిల్టర్ ముఖం చూసి ఉండదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రష్యా విభాగం తాగునీటికి వెండినే వాడుతుంది కదా అని అడగవచ్చు. అక్కడ వెండి సరైన ఎంపికే. మూసిన తొట్టిలో, ముందే శుద్ధి చేసిన నీటిలో, రోజుల తరబడి పనిచేసే వీలుంది. ఆ తొట్టిలో ఎవరూ ఈదరు.

క్లోరిన్‌కి అంత వేగం ఎక్కణ్నుంచి వచ్చింది? నీళ్లలో అది హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. చిన్న అణువు, ఆవేశం లేనిది. కణం గోడ దాన్ని అడ్డుకోలేదు. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం ఈ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 దాటితే నాలుగో వంతు కూడా మిగలదు, మిగతాదంతా బలహీనమైన హైపోక్లోరైట్ అయాన్.

వెండికి ఇంకో చిక్కుంది, ఇది కాస్త లోతుగా చూడాలి. కొలను నీటిలో క్లోరైడ్ తప్పకుండా ఉంటుంది, వాడిన క్లోరిన్ చివరికి అయ్యేది అదే. వెండి, క్లోరైడ్ కలిస్తే సిల్వర్ క్లోరైడ్. బడి ప్రయోగశాలలో పరీక్షనాళికలో పెరుగులా విరిగే ఆ తెల్లటి అవక్షేపమే. దాని ద్రావణీయతా లబ్ధం (నీళ్లలో ఎంత కరిగి ఉండగలదో చెప్పే అంకె) 1.8 ను 10 ఘాతం మైనస్ 10 తో గుణించినంత. క్లోరైడ్ లీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, స్వేచ్ఛగా మిగలగల వెండి అయాన్ల గరిష్ఠ పరిమితి లీటరుకు సుమారు 7 మైక్రోగ్రాములు. ఉప్పునీటి కొలనులో క్లోరైడ్ 3,000 దగ్గరుంటే అది 0.2 మైక్రోగ్రాములకు పడిపోతుంది. మిగతా వెండి క్లోరైడ్‌తో జతకట్టిన రూపాల్లో ఉండిపోతుంది, లేదా కిందికి దిగుతుంది. అలా దిగింది ఎండ తగిలి నల్లబడి గోడ మీద బూడిదరంగు మరకలు వేస్తుంది. పైగా చెమటలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్ల గంధకం కూడా వెండిని కట్టిపడేస్తుంది.

చంపడం ఒక ఎత్తు, మురికిని కాల్చెయ్యడం ఇంకో ఎత్తు. చెమట, మూత్రంలోని యూరియా, ఒంటి నూనెలు, సన్‌స్క్రీన్ వీటన్నిటినీ ఆక్సీకరించాలి. రాగికీ వెండికీ ఆ శక్తి లేదు, క్లోరిన్‌కి ఉంది. కొలను దగ్గర ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకోవడం అపోహ. ఆ వాసన యూరియా, అమ్మోనియాతో క్లోరిన్ కలిసి ఏర్పడిన క్లోరమైన్లది, అంటే చాలాసార్లు క్లోరిన్ చాలలేదని అర్థం. జుట్టు ఆకుపచ్చబడటాన్ని కూడా క్లోరిన్‌కి అంటగడతారు. అది రాగి పని.

మరి మినరల్స్ ఎందుకు? నాచు కోసం. ఇక్కడ రాగికి సాటి లేదు. సయన్యూరిక్ ఆమ్లం (క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడే మందు) కలపని క్లోరిన్ గట్టి ఎండలో గంట లోపే సగానికి పడిపోతుంది, రాగి ఎండకి చెక్కుచెదరదు. పంపు ఆగినా, క్లోరిన్ ఒక పూట తగ్గినా నీరు పచ్చబడకుండా కాపాడుతుంది. 50,000 లీటర్ల కొలనులో 0.3 మిల్లీగ్రాముల స్థాయికి కావలసిన రాగి 15 గ్రాములు. మైలుతుత్తం రూపంలో అయితే సుమారు 59 గ్రాములు. అయొనైజర్‌లో ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు నడిస్తే, ఏమీ వృథా కాదనుకుంటే, 1.19 గ్రాముల రాగి కరుగుతుంది. అర ఆంపియర్ మీద నడిపితే ఆ 15 గ్రాములకు 25 గంటలు పైగా పడుతుంది. ఆ తర్వాత కరెంటు తగ్గించి, రాగిని వారానికోసారి కొలవాలి.

రాగి, వెండి తోడుంటే తక్కువ క్లోరిన్‌తోనూ బాక్టీరియా త్వరగా చస్తుందని 1980ల చివర్లో అరిజోనా విశ్వవిద్యాలయం పరీక్షల్లో తేలింది. అయినా సీడీసీ కనీస పరిమితి మారదు: కొలనులో ఫ్రీ క్లోరిన్ 1 మిల్లీగ్రాము, సయన్యూరిక్ ఆమ్లం వాడితే 2, వేడినీటి టబ్‌లో 3. 50,000 లీటర్లలో క్లోరిన్‌ని 1 మిల్లీగ్రాము పెంచడానికి 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ 77 గ్రాములు కావాలి.

ఎక్కువగా జరిగే తప్పులు కొన్నున్నాయి. పీహెచ్ ఎక్కువగా ఉన్నప్పుడు హైపోక్లోరైట్ ఒక్కసారిగా గుమ్మరిస్తే రాగి విడిపోయి నీలి-పచ్చ మరకలు పడతాయి. ముందు పీహెచ్‌ని 7.2కి దించి, పంపు నడుస్తుండగా కొద్దికొద్దిగా వెయ్యాలి. సయన్యూరిక్ ఆమ్లం లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటిన చోట రాగి ఉంటే ఊదారంగు కాపర్ సయన్యూరేట్ పేరుకోవచ్చు. మరకలు రాకుండా వేసే సీక్వెస్ట్రెంట్ మందు రాగి అయాన్లను బంధిస్తుంది, అంటే డబ్బు పెట్టి కలిపిన రాగిని మళ్లీ డబ్బు పెట్టి పనికిరాకుండా చేసినట్టే. క్లోరిన్ లేని షాక్‌గా (మురికిని ఒక్కసారిగా కాల్చే మోతాదుగా) వాడే పొటాషియం మోనోపర్‌సల్ఫేట్ మురికిని ఆక్సీకరిస్తుంది గానీ క్రిమిసంహారిణి కాదు. పైగా క్లోరిన్‌ని కొలిచే డీపీడీ పరీక్షలో క్లోరమైన్లలా కనబడి మోసం చేస్తుంది.

రాగి ఆవిరి కాదు, ఎండకి విరిగిపోదు. నీరు ఆవిరై మళ్లీ నింపినకొద్దీ నీళ్లు మారతాయి గానీ రాగి అక్కడే ఉంటుంది. అది 0.9కి చేరితే, తిరిగి 0.3కి దించడానికి 50,000 లీటర్లలో సుమారు 33,000 లీటర్లు తోడేసి కొత్త నీరు నింపాలి. ఆ కొత్త నీటిలో రాగి ఎంతుందో నింపకముందే పరీక్షించాలి.