పదమూడంటే పన్నెండూ ఒకటీ: సవర భాష వెనుక కథ

పర్లాకిమిడి సంతలో కొండచీపుళ్లు, చింతపండు తెచ్చిన సవర ముసలమ్మ మనతో తెలుగులోనే బేరమాడుతుంది. పక్కనున్న తనవాళ్లతో లెక్క చూసుకునేటప్పుడు మాత్రం సొంత మాట వస్తుంది. ‘మిగ్గెల్‌బోయ్’ అంటే పదమూడు. మిగ్గెల్ పన్నెండు, బోయ్ ఒకటి. పన్నెండు మీద ఒక్కొక్కటే కలుపుకుంటూ పంతొమ్మిది దాకా పోయి, అక్కణ్నుంచి ఇరవైల లెక్కలో పడతారు. ముప్పైమూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇంత పాత లెక్క సంతలో ఇంకా చెవిన పడుతోందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ భాష తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు. సంతాలీతో పాటు ముండా అనే భాషా కుటుంబంలోది. అటు ఒడిశాలో పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా, రాయగడ జిల్లాల కొండల మీద, ఇటు ఆంధ్రలో శ్రీకాకుళం, మన్యం జిల్లాల్లో మాట్లాడతారు. 2011 జనగణనలో 4 లక్షల పైచిలుకు మంది తమ భాష ఇదని చెప్పుకున్నారు.

1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు గిడుగు రామమూర్తి. అప్పటికి సవర మాటను రాసుకునే దారే లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. 1931లో వ్యాకరణం, తర్వాత నిఘంటువు వచ్చాయి. ఆగస్టు 29న మనం ఆయన్ను వాడుక తెలుగు కోసం తలుచుకుంటాం. కానీ ఆయన సవర మొదలుపెట్టింది ఆ ఉద్యమానికి పదేళ్లకు పైగా ముందే. బిడ్డకు ఇంటి మాటలోనే చదువు చెప్పాలన్న పట్టు ఆయనకు ఈ కొండల్లోనే కుదిరిందని నా నమ్మకం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు పడ్డాయి. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి గిడుగు రాజమండ్రి వెళ్లిపోయారు. గీత సవర ఊళ్ల నడుమ నుంచీ పోయింది. అది పెళ్లిళ్లను ఆపలేదు గానీ పలకను రెండు చేసింది.

అదే ఏడాది గుణుపురం వైపు మంగై గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తీర్చారు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవతది. ఆ అక్షరాలనే కొలిచే మతమూ పుట్టింది. అయితే క్రైస్తవం తీసుకున్న ఊళ్లలో బైబిలు రోమన్ అక్షరాల్లో వచ్చింది. 2006 తర్వాత ఒడిశా సర్కారు బడుల్లోకి సవర వాచకం ఒడియా లిపిలో వచ్చింది. ఆంధ్ర బడుల్లోది తెలుగు లిపిలో. గొంతు బిగించి ఠక్కున ఆపే సవర ధ్వనికి మన వర్ణమాలలో అక్షరమే లేదు.

2003లో సంతాలీకి రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, అంటే ఎనిమిదో షెడ్యూలులో చోటు దొరికింది, సవరకు దొరకలేదు. చిన్న తరగతులు దాటగానే వాచకం ఆగిపోతుంది. హాస్టల్లో చేరిన పిల్లలు అటు ఒడియాలోకి, ఇటు తెలుగులోకి జారిపోతున్నారు. నాలుగు లిపులకూ ఒప్పే ఒక్క వాచకమైనా రెండు రాష్ట్రాలూ కూర్చుని చేయించాలి. ఇందులో ఇంకా ఆలస్యం తగదు.

ఒడిశాలో గుమ్మా వైపు పిల్లకు ఆంధ్రలో సీతంపేట వైపు మేనత్త కొడుకు ఉత్తరం రాస్తే ఆమె చదవలేకపోతుంది. ఇద్దరూ ఫోన్లో వాయిస్ మెసేజులు పెట్టుకుంటారు, సవరలోనే.